యాభై అయిదు ఇంచుల్లో అమ్మ

ఆ రోజుల్లో అనడానికి నాకింకా తల నెరవలేదు గానీ, ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నిటికీ పిక్సెళ్లు చాలకపోవడమే కారణమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. వయసు ఇరవై మూడు. కొత్తగూడెంలో ఒక టీవీల షోరూంలో కొత్త ఉద్యోగం. టేకులపల్లి అవతలున్న మా తండా నుంచి మెడలో ఐడీ కార్డు వేసుకుని బస్సెక్కే మొదటి మనిషిని నేనేనని గర్వం (నిజానికి నాకంటే ముందే ఇద్దరు టీచర్లు, ఒక కండక్టరు ఉన్నారు, కానీ వాళ్ల కార్డులకు నాదానికి ఉన్నట్టు ఎర్ర తాడు లేదు). ఉద్యోగంలో చేరగానే రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. బొమ్మ అంటే చుక్కలే, చుక్కలు ఎక్కువైతే బొమ్మ స్పష్టం, హెచ్‌డీ రెడీ కంటే ఫుల్ హెచ్‌డీలో రెట్టింపు, దానికి నాలుగింతలు ఫోర్ కేలో అని చెప్పారు. అది విన్నాక నేను మామూలు మనిషిగా మిగల్లేదు. కనబడ్డవాణ్ణల్లా ఆపి, మీ టీవీలో చుక్కలెన్ని అని అడిగేవాణ్ణి. తండాలో నాకు 'ఫోర్ కే' అని పేరు పడింది. అది వెక్కిరింపని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. అప్పటిదాకా బిరుదనుకున్నాను.

అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు. (మేం యాడి అంటాం, నాన్నను బాపు అంటాం. ఇంట్లో మాట్లాడేదంతా మా తండా మాటే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.) అమ్మ ఫొటోలు మూడున్నాయి, మూడింటిలోనూ ఆధార్ కార్డు ముఖమే. కదిలే అమ్మ మాత్రం ఒకే ఒక్క చోట ఉంది, అక్క పెళ్లి సీడీలో. కెమెరా కనబడితే చాలు, ముసుగు లాక్కుని గోడ చాటుకు పోయే మనిషి ఆ ఒక్కసారి భోజనాల దగ్గర దొరికిపోయింది. ముసుగు కొంచెం పైకెత్తి, నేరుగా కెమెరాలోకి చూసి, ఏదో అడిగి, నవ్వి పక్కకు వెళ్లిపోతుంది. పన్నెండు సెకన్లు. మాట వినబడదు, ఎందుకంటే మిక్సింగ్ చేసినవాడు పెళ్లి మొత్తం మీద సినిమా పాటలు పోశాడు. బాపు రోజూ సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మా పాత డబ్బా టీవీలో ఆ పన్నెండు సెకన్లు చూసి, ఆ తర్వాతే అన్నానికి కూర్చునేవాడు. ఆ ఎండాకాలం పిడుగుపడి ఆ టీవీ కాలిపోయింది. నాలుగు రోజులు బాపు కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయాడు. అయిదో రోజు నన్ను పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"ఏ టీవీ అయినా మంచిదే రా. మీ యాడి మంచిగ కనపడాలె, గంతే."

షోరూంలో మా అందరికంటే పెద్ద ఒకాయన ఉండేవాడు. పాత డబ్బా టీవీలు రిపేరు చేస్తూ చేస్తూ ఈ పనికి వచ్చినవాడు కాబట్టి అందరం మేస్త్రీ అనేవాళ్లం. టీవీ కొంటామని ఎవరు వచ్చినా ఆయన రెండే అడిగేవాడు, ఏం చూస్తారు, ఎంత దూరంలో కూర్చుని చూస్తారు అని. నన్నూ అవే అడిగాడు. మా గది గోడ నుంచి గోడకు ఎనిమిదడుగులని, చూసేది పాత పెళ్లి సీడీ అని చెప్పాను. "చిన్నది తీస్కపో తమ్మీ. ముప్పై రెండు కూడ ఎక్కువనే. పాత బొమ్మను గింత పెద్దగ గుంజితే నిలువది," అన్నాడు. నేను నవ్వాను. ఆయన కాలం అయిపోయిందని జాలి కూడా పడ్డాను. నా ఆలోచన సూటిగా ఉంది. తెర పెద్దదైతే అమ్మ పెద్దగా కనబడుతుంది, చుక్కలు ఎక్కువైతే అమ్మ స్పష్టంగా కనబడుతుంది. ఇందులో అనుమానించాల్సింది ఏముంది? యాభై అయిదు ఇంచుల ఫోర్ కే టీవీని ట్రాలీ ఆటోలో ఎక్కించి, కుదుపులకు పగలకుండా దారి పొడుగునా దాన్ని కావలించుకుని తండాకు తెచ్చాను. దారిలో ఒకావిడ, ఇంటికి తలుపు కొన్నారా నాయనా అని అడిగింది. నేను జవాబు కూడా ఇవ్వలేదు, అంత పొగరు.

మా ఇంట్లో అంత టీవీకి చాలే గోడ ఒక్కటే ఉంది. దాని మీద దండ వేసిన అమ్మ ఫొటో ఉంది. ఫొటో తీసి తలుపు పక్కకు మార్చాను (పెద్ద అమ్మ వస్తుంటే చిన్న ఫొటో ఎందుకని కూడా అన్నాను, ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే మూసుకోవాలనిపిస్తుంది). సాయంత్రానికి తండా సగం మా ఇంట్లో ఉంది. ముందు షోరూం వాళ్ల వీడియో వేశాను, రంగు రంగుల చేపలు, చిలకలు, మంచు కొండలు. పక్కింటి అవ్వ దగ్గరికి వెళ్లి చేపను వేలితో తాకి, పొలుసులు కూడా లెక్కపెట్టవచ్చని తీర్పు చెప్పింది. నేను అందరి వైపూ ఒకసారి చూసి, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకున్న అక్క పెళ్లి వేశాను.

పందిరి వచ్చింది. పందిరి అని నాకు తెలుసు కాబట్టి పందిరి, తెలియనివాళ్లకు అది ఎర్ర పచ్చ గళ్ల దుప్పటి. పెళ్లికొడుకు తలపాగా కరిగి చెవుల మీదికి కారుతోంది. అయినా అమ్మ ముఖం దగ్గరికి వచ్చేసరికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. భోజనాలు వచ్చాయి. నుదురు ఒక గడి, కన్ను ఒక గడి, ముక్కు ఉండాల్సిన చోట మట్టిరంగు గళ్లు నాలుగు. నవ్వినప్పుడు కింద రెండు గళ్లు కొంచెం తెల్లబడ్డాయి, అంతే. ముందు కుర్చీలో కూర్చున్న బాపు మెడ ముందుకు చాచి, మెల్లగా అడిగాడు.

"మీ యాడి ఏది రా?"

అమ్మ ఆయన ఎదురుగా గోడంత ఉంది. నేను రిమోట్ తీసుకున్నాను. షార్ప్‌నెస్ పెంచితే గళ్లకు గీతలు వచ్చాయి. సినిమా మోడ్‌లో అమ్మ పసుపు పూసుకున్నట్టయింది, ఆటల మోడ్‌లో ఆకుపచ్చగా మారింది. ఇంకో బటన్ నొక్కాను. బొమ్మ తెర నిండా అడ్డంగా సాగి, బక్కపలచని మా అమ్మ ఉన్నట్టుండి లావైపోయింది. అందరూ గొల్లున నవ్వారు, చెప్పొద్దూ, నేనూ నవ్వాను. బాపు నవ్వలేదు. "అది ఎన్నడున్నది గంత లావు? కడుపునిండ తిన్న రోజేది దానికి," అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పిల్లల్ని పిలుచుకుంటూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మిగిలిన ఇద్దరిలో తెలివైనవాణ్ణి నేనే కాబట్టి వివరించడం మొదలుపెట్టాను. ఆ సీడీలో ఒక వరసకు మూడు వందల యాభై చుక్కలే ఉంటాయని, ఈ తెరకు దాదాపు నాలుగు వేలు కావాలని, లేని చుక్కల్ని టీవీ ఎక్కణ్ణుంచీ తేలేదని, తప్పు టీవీది కాదని శిక్షణలో చెప్పినట్టే చెప్పాను. బాపు మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"అంటే మనమే దాన్ని తక్కువ తీసి పెట్టుకున్నమన్నట్టు," అన్నాడు.

దీనికి శిక్షణలో జవాబు చెప్పలేదు. నాకు చాలా బాధేసింది, అంతకు మించి సిగ్గేసింది. తర్వాత నాలుగైదు రోజులు షోరూం నుంచి రాగానే ఆ పన్నెండు సెకన్లనే ముందుకీ వెనక్కీ తిప్పుతూ, సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను. బాపు టీవీ వైపు చూడటమే మానేశాడు. అలాంటి ఒక సాయంత్రం, ఆయన వాకిట్లో మేకల్ని కొట్టంలోకి తోలుతున్నాడు. మా కొట్టం గుమ్మానికి ముప్పై అడుగుల దూరంలో ఉంటుంది. అక్కణ్ణుంచి కేక వినబడింది.

"బంద్ చెయ్యకు. గట్లనే ఉండనియ్యి."

ఏమైందోనని బయటికి పరిగెత్తాను. బాపు మేకల మధ్య నిలబడి, తెరిచిన తలుపులోంచి ఇంట్లోకి చూస్తున్నాడు. నేనూ ఆయన పక్కన నిలబడి చూశాను. గళ్లు లేవు. అంత దూరానికి అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ముసుగు అంచు, ముక్కుపుడక, ఆ నవ్వు, అంతా అమ్మే. మళ్లీ పెట్టమన్నాడు. లోపలికి పరిగెత్తి బటన్ నొక్కి బయటికి పరిగెత్తుకొచ్చేసరికి అమ్మ వెళ్లిపోయేది. ఇలా మూడుసార్లు మేకలతో గుద్దుకున్నాక, మళ్లీ మళ్లీ దానంతటదే వచ్చేలా పెట్టవచ్చని ఫోర్ కే గారికి గుర్తొచ్చింది. ఇద్దరం కొట్టం ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నాం.

"ఆడ ఏమడుగుతుందో ఎరుకేనా నీకు?" అన్నాడు బాపు.

తెలియదన్నాను. "తిన్నవా బిడ్డా అని. ఆ వీడియో పిలగాణ్ణి. పొద్దుగాలసంది తిరుగుతున్నవ్, తిన్నవా అని." పాటల కింద పడిపోయిన ఆ మాట ఆయన రోజూ వింటూనే ఉన్నాడు. పన్నెండు సెకన్ల చుక్కలన్నీ లెక్కపెట్టిన నాకు అమ్మ ఏమడిగిందో కనుక్కోవాలని ఏనాడూ తోచలేదు. మేకల వైపు తిరిగి ఏడ్చాను. ఆ పూట బాపు కడుపునిండా తిన్నాడు.

మర్నాడే షోరూంకి వెళ్లి చిన్న టీవీ మార్చుకుని రావాల్సింది. మేస్త్రీ ఒక్క మాట అనకుండా మార్చి ఇచ్చేవాడు. కానీ ఆయన ముందు తల దించాలి కదా. వచ్చే వారం, ఆ పై వారం అంటూ జరుపుతూ వచ్చాను. ఈలోగా వానలు పడ్డాయి. బాపు దానికీ దారి వెతుక్కున్నాడు. సొంత ఇంటి ముందు, ముసురులో, ప్లాస్టిక్ కుర్చీ మీద నల్ల గొడుగు పట్టుకుని కూర్చుని, ఇంట్లో ఉన్న టీవీని చూసేవాడు. రెండు మేకపిల్లలు ఆ గొడుగు కిందికే వచ్చి నిలబడేవి. దారిన పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు, ఆయన పట్టించుకునేవాడు కాదు. నాకు మాత్రం అది అద్భుతమైన దృశ్యంలా కనబడింది. కొత్త ఫోన్ తీసి, పూర్తి క్లారిటీలో, వెనక నుంచి వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. షోరూంలో అందరూ మెచ్చుకున్నారు.

ఆ చలికాలంలోనే బాపు పోయాడు. మిర్చి చేనులో, పట్టపగలు, గుండె ఆగి.

నేనిప్పుడు ఆ షోరూంలో మేస్త్రీ చోటులో ఉన్నాను, ఆయన అడిగిన రెండు ప్రశ్నలే అడుగుతున్నాను. బాపు ఫొటోలు చాలా ఉన్నాయి. అక్క పెళ్లి సీడీలో పనుల మీద తిరుగుతూ ఆయన ఎక్కడా పడలేదు. కదిలే బాపు ఉన్నది ఆ గొడుగు వీడియో ఒక్కదాంట్లోనే, తర్వాత తీద్దాంలే అనుకుంటూ ఉండిపోయాను. నలభై సెకన్లు. ఫోన్లు మూడు మారినా దాన్ని పోనివ్వలేదు. యాభై అయిదు ఇంచుల మీద వేసి దగ్గర నుంచి చూశాను, దూరం నుంచి చూశాను. బొమ్మకు వంక పెట్టడానికి లేదు. గొడుగు కమ్ములు, దానికి వేసిన మాసిక, అంచు నుంచి జారే చినుకులు, అన్నీ విడివిడిగా కనబడతాయి. ముఖం లేదు. వెనక్కి తిరగకుండానే బాపు అంటాడు, "ఎనకకెళ్లి ఏం తీస్తవ్ రా, ముందలికొచ్చి తియ్యరాదు." వెంటనే నా గొంతు వినబడుతుంది, ఇరవై మూడేళ్ల గొంతు, లోకంలో తనకు తెలియనిది లేదన్నంత హుషారుగా.

"మొకం రోజు చూసేదే గద బాపూ, గొడుగు మస్తుగ వస్తుంది."

గొడుగు రెండుసార్లు కదులుతుంది. అంటే బాపు నవ్వాడన్నమాట. అక్కడికి వచ్చేసరికి ఆ వెర్రివాడి మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాదు, నేనూ నవ్వేస్తాను.