గంటన్నర వణుకు

కోల్డ్ స్టోరేజీలో అందరూ ఆమెని మంచుపిన్ని అనేవాళ్ళు. గడ్డకట్టిన బఠాణీల అట్టపెట్టెలు పేర్చడం ఆమె పని, పదకొండేళ్ళుగా అదే. భర్త పోయాక ఇల్లంటే ఒక గది, ఒక కిటికీ, ఒక కంచం.

ఒక శనివారం ఒంటిపూట పని. అందరూ వెళ్ళిపోయారు. పిన్ని చివరి వరస సర్దుతుంటే వెనక తలుపు పడింది. లోపలి పిడి మంచుతో బిగుసుకుపోయి తిరగలేదు. తలుపు పక్కనున్న అలారం గంట నొక్కితే మోగలేదు. జానెడు మందం తలుపు. ఎంత అరిచినా ఏం లాభం? సోమవారం దాకా తను ఇంటికి రాలేదేమని అడిగేవాళ్ళు లేరు. భయం కన్నా ముందు ఆ సంగతే గుచ్చుకుంది.

ముందు వేళ్ళు పాలిపోయాయి. తర్వాత ఒళ్ళంతా వణుకు. చూసేవాళ్ళెవరూ లేకపోయినా సిగ్గేసి దవడ బిగబట్టింది. ఆగితేనా! పైగా అంత చలిలో ఒంటేలుకి ఒకటే తొందర. "ఇప్పుడే రావాలా నీకు?" అని విసుక్కుంది. పెట్టెలు ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి మోస్తూనే ఉంది.

గంటన్నరకి తలుపు తెరుచుకుంది. కాగితాలు మర్చిపోయి తిరిగొచ్చిన లారీ డ్రైవరు.

"ఓరి దేవుడా! పిన్నీ, నువ్విక్కడేంటి?"

చలికి ఆమె మాట ముద్దముద్దగా వచ్చింది. అతను ఆమెని లారీలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఆసుపత్రిలో నర్సు "మీవాళ్ళెవరికి చెప్పాలి?" అంది. ఉన్నది ఒక్క చెల్లెలు. అమ్మ పోయినప్పుడు మాటామాటా వచ్చి ఆరేళ్ళుగా పలకరింపుల్లేవు. పిన్ని గోడకేసి చూసింది.

"నా పేరు రాసుకో అమ్మా," అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ వేళ్ళు పరీక్షించింది. "మీ ఒళ్ళు వేళ్ళకి రక్తం తగ్గించేసి గుండెని వెచ్చగా ఉంచుకుంది. వణికితేనే ఒంట్లో వేడి పుడుతుంది."

"ఆపుదామని తెగ చూశాను డాక్టరమ్మా."

"నయం, మీ మాట వినలేదు."

పిన్ని గొంతు తగ్గించి ఒంటేలు సంగతీ అడిగింది.

"రక్తమంతా లోపలికి చేరేసరికి, నీళ్ళెక్కువయ్యాయనుకుని ఒళ్ళు బయటికి తోసేస్తుందమ్మా. అందరికీ అంతే."

చిటికెన వేలికి స్పర్శ తిరిగి రాలేదు. యజమాని ఆమెని బయట ప్యాకింగు హాలుకి మార్చాడు. అక్కడి మామూలు వేడికే మొదటి వారం చెమటలు ధారకట్టాయి, కళ్ళు తిరిగాయి. రెండు వారాలకి ఒళ్ళు అలవాటుపడింది.

ఇదంతా ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఒక ఆదివారం పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేసింది.

"నేనే... అక్కని."

"ఏంటి విషయం?"

"అదీ... ఏం లేదు. ఎలా ఉన్నారోనని."

"బాగానే ఉన్నాం. బయటికెళ్తున్నాం, తర్వాత చేస్తా."

ఆదివారమంతా పిన్ని ఫోన్ ఒళ్ళోనే పెట్టుకుంది. పిలుపు రాలేదు. బుధవారం సాయంత్రం మోగింది.

"అక్కా, ఆ రోజు ఏదో చెప్పబోయి ఆగావు. ఏంటది?"

పిన్ని మంచం మీద కూర్చుని, శనివారం ఒంటిపూట దగ్గర్నుంచి మొదలుపెట్టింది.