బావ కొరికిన సెన్సార్

ఆ రోజుల్లో వెలుతురంటే నాకు హడలు. నవ్వకండి. అమలాపురంలో ఒక కాలేజీ ప్రయోగశాలలో మా మాస్టారికి సహాయకుడిగా కొత్తగా చేరాను. గదిలో చిన్న ఎర్రబల్బు తప్ప ఇంకేదీ వెలగనివ్వరు కాబట్టి ఆయనకి చీకటి మాస్టారని పేరు. మన కంటి లోపల, వెలుతురు తగలగానే మెదడుకి కబురంపే పొర ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని చూసి ఆయన పాలిమర్‌తో అలాంటి పొర తయారు చేస్తున్నారు. ఉల్లిపొర కంటే పలచన. దానికి వైర్లు తగిలించి లైటు వేస్తే గంట మోగాలి. ఎన్నో పొరలు మాడిపోయాక (మా బుర్రలతో సహా) ఎట్టకేలకి ఒకే ఒక్కటి మోగింది. దాన్ని చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దాయన వస్తున్నారు. ఆయన తలూపితే నా ఉద్యోగం నిలుస్తుంది, లేదంటే ఇంటికెళ్ళి మా నాన్నతో కొబ్బరికాయలు వలవడమే.

చిక్కేమిటంటే, ఆ పొర ఆరితే పెళుసెక్కుతుంది, ఎండ తగిలితే నీరసిస్తుంది. చీకటిగా, చెమ్మగా ఉండే చోటు కావాలి. నేనుంటున్న మేనత్త ఇంట్లో అలాంటిది ఉండనే ఉంది. పూతరేకులు చుట్టేముందు రేకులు మెత్తబడాలని అత్తయ్య వాటిని తడిగుడ్డలో పెట్టి స్టీలు డబ్బాలో మూసి ఉంచుతుంది. అలాంటి డబ్బాయే ఇంకొకటి అడిగి తీసుకుని, పొరని నేనూ తడిగుడ్డలో చుట్టి అందులో పడుకోబెట్టి, అత్తయ్య డబ్బా పక్కనే పెట్టాను. మర్నాడు పొద్దున్నే డబ్బా చంకనెట్టుకుని వెళ్ళిపోయాను.

పెద్దాయన ఎదుట వైర్లు తగిలించి లైటు వేశాను. గంట మోగలేదు. మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. పెద్దాయన (ఢిల్లీ అన్నమాటే గానీ పుట్టింది మా పక్కనున్న కొత్తపేటలోనే) వంగి, అంచు తుంచి నాలిక మీద వేసుకుని, అదిరిపడి, "ఏవండోయ్, ఇది బియ్యప్పిండి రేకండీ!" అన్నారు.

నా కాళ్ళు నన్నడక్కుండానే స్కూటరెక్కేశాయి.

ఇంట్లో, కువైట్ నుంచి ఆ పొద్దున్నే దిగిన బావ వీధరుగు మీద కూర్చుని పూతరేకు నములుతున్నాడు. నములుతూనే ఉన్నాడు.

"ఇదేంటే అమ్మా, ఎంత నమిలినా సాగుతోందీ!"

"గల్ఫుకెళ్ళేక నీ పళ్ళే వదులైపోయేయిరా. నెయ్యి దండిగా పోసేను, తిను."

"బావా! మింగకు!"

"ఏం, విషమా?"

"కాదు బావా, నా ఉద్యోగం!"

అప్పటికే ఒక ముక్క గొంతు దిగిపోయింది. (కంగారు పడకండి, ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు.) మిగిలిన ముక్క లాక్కుంటుంటే వెనక నుంచి అత్తయ్య, "అలమర తుడుస్తూ డబ్బాలు అటూ ఇటూ పెట్టేనురా, నాకేం తెలుసూ! ఆ బెల్లమైనా ఉంచి వెళ్ళు!" అని కేకేసింది.

కాలేజీలో నెయ్యి తుడిచి, బెల్లం దులిపి, వైర్లు తగిలించి లైటు వేశాను. గంట గణగణా మోగింది! నమ్మకపోతే మీ ఇష్టం, మాస్టారే ఎగిరి బల్ల మీద పడ్డారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఈ అంచున పంటిగాట్లేమిటండీ?"

"ఆయ్, మన్నిక పరీక్షండీ," అన్నారు మాస్టారు తడుముకోకుండా. పెద్దాయన తలూపారు.

ఇప్పుడు సాయంత్రం చీకటి పడగానే మా వీధిదీపాలు వాటంతటవే వెలుగుతాయి, వాటిల్లో ఉన్న సెన్సార్ ఆ పొరే. ఒక్కోసారి దీపం కింద ఆగి, మెడ సాచి పైకి చూస్తాను. పంటిగాటు ఒక్కటీ కనబడదు. నిల్చున్న చోట మాత్రం ఎక్కణ్ణుంచో నెయ్యి వాసన వేస్తుంది. చొక్కా జేబులో సగం కొరికిన ఉద్యోగం పెట్టుకుని స్కూటర్ మీద ఎగురుకుంటూ పోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడికున్నంత కంగారూ, అంత ఆశా నాకిప్పుడు లేవు.