డీజిల్‌తో కడిగిన చేతులు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మే నెలలో, గోదావరిఖనిలో గనివాళ్ల దవాఖానకు సైకాలజిస్టుగా వెళ్లాను. ప్రమాదంలో పడి బతికిన ఆపరేటర్లు తిరిగి బండి ఎక్కవచ్చో లేదో పరీక్షించి వైద్య బోర్డుకు రాయడం నా పని. మొదట వచ్చినవాడు రాజేశం, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి మోసే పెద్ద బండి, డంపర్, నడిపే ఆపరేటర్. మట్టి కుమ్మరించే డంపు అంచున బండి వెనక్కి జారితే చావు తప్పించుకున్నాడు. నేను అన్‌ఫిట్ అంటే జనరల్ మజ్దూర్‌గా, అంటే మామూలు కూలీగా మిగిలిపోతాడు, డంపర్ మళ్లీ ముట్టలేడు.

ఈ పరీక్షలో రెండు వేళ్లకు తీగలు తగిలించి, తెలియనంత కరెంటు పంపుతాం. మనసు కదిలితే చెమట ఊరుతుంది, చర్మం గుండా కరెంటు సులువుగా పోతుంది, తెర మీద గీత లేస్తుంది. డంపర్ రివర్స్ హారన్ వినిపించాను. గీత కదల్లేదు. ప్రమాదం సంగతి అడిగాను. గొంతు వణికింది కానీ గీత అలాగే ఉంది. నా వేళ్లకు పెట్టుకుంటే చక్కగా లేచింది. మిషన్ మంచిదే, మనిషీ భయపడుతున్నాడు, మరి గీతకేమొచ్చింది? గీత లేవనివాణ్ణి ఫిట్ అని రాయాలన్న నిబంధన ప్రకారం అంతకంటే నిబ్బరమైన మనిషి ఈ గనుల్లోనే లేడు. నాకు తలా తోకా అర్థం కాక చిరాకేసింది.

తీగలు విప్పుతుంటే వాసన తగిలింది. ఏం పూసుకున్నావని అడిగాను.

“పూసుకోలే మేడం. మీ మిషన్‌కు గ్రీసు అంటొద్దని డీజిల్‌తోని కడుక్కొని, సర్ఫ్‌తోని రుద్దుకొని వచ్చిన” అన్నాడు. బండ్ల షెడ్డులో అందరూ చేసేదే. అలా రుద్దితే చర్మం ఎండిపోయి కరెంటు సరిగా పోదు, మనసు కదిలినా గీత లేవదు.

చేతులకు డీజిల్ తగలనివ్వకుండా రమ్మని వారం తర్వాత మళ్లీ పిలిచాను. ఈసారి హారన్‌కు గీత కాస్త లేచింది. డంప్‌మన్ విజిల్‌కు, అంటే అంచున నిలబడి బండిని వెనక్కి రమ్మనేవాడి విజిల్‌కు, తెర దాటిపోయింది. భయమేనా అన్నాను.

“ఏమో మేడం. మళ్ల బండెక్కినట్టే అయింది. భయమో సంబురమో నాకే సమజైతలేదు.”

నాకూ కాలేదు. రెండింటికీ గీత ఒక్కలాగే లేస్తుంది.

బోర్డును గడువు అడిగి, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టి ఖాళీ డంపర్ ఇప్పించాను. విజిల్ పడింది. రాజేశం మెల్లగా వెనక్కి వచ్చి, అంచున పోసిన మట్టిగట్టుకు బాగా ముందే ఆపేశాడు. డంప్‌మన్ ఇంకా రమ్మంటున్నా కదల్లేదు. దిగి చూపించాడు. గట్టు కింద నేల నెర్రె విచ్చింది. చూపించిన చెయ్యి చెమటతో తడిసి ఉంది.

ఫిట్ అని రాశాను. మొదటిరోజు గీతను నమ్మినా అదే రాసేదాన్ని, కారణం తప్పుగా. మనసు కదిలిందని మిషన్ చెబుతుంది, ఎందుకో పనిలో చూసి తెలుసుకోవాలి. ఆ తర్వాత చెమట పట్టనివాణ్ణి ఫిట్ అని రాయడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.