ఈశాన్యానికి వాలిన ఫ్రిజ్

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. రమ్మని ఎవరూ వెనక్కి పిలవలేదు. ఆ రోజు మా సారు స్టాఫ్ రూములో చాక్లెట్లు పంచాడని కూడా అంటారు. చేవెళ్లలో ఫ్రిజ్ మెకానిక్‌నని బోర్డు పెట్టుకున్నాక, జనం లోపలికొచ్చి నన్నే అడిగేవాళ్లు, మెకానిక్ ఎప్పుడొస్తాడని.

ఆ ఎండాకాలం ఎంకపల్లి నుంచి ఫోన్ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ దంపతులు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. ఉన్నదంతా ఊడ్చిపెట్టి మంచం, పొయ్యి, ఫ్రిజ్ ఉన్న పాత ఫారిన్ కారవాన్ బండి కొన్నారు. టూర్లకు కిరాయికిచ్చి బతకాలని. మొదటి బేరం శనివారానికి కుదిరింది. ఆ బేరం వాళ్లకు పసిబిడ్డ ఉంది, పాలు పెట్టడానికి ఫ్రిజ్ పనిచేయకపోతే రామన్నారట.

ఫ్రిజ్ వెనక తొంగిచూశాను. "అన్నా, దీని మోటరేది? ఎవడన్న ఎత్తుకపోయిండా?"

"దీనికి మోటారుండదండీ. కింద గ్యాస్ మంట వెలిగితే లోపల చల్లబడుతుంది."

"మంట పెడితే చల్లబడుడేంది? మా ఇంట్ల దినాం మంటనే. నేనెన్నడు చల్లబడలే."

ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు.

నాకు పని నేర్పిన పెద్దాయనకు ఫోన్ చేశాను. వెనక గొట్టాల్లో అమోనియా అడ్డుపడి ఉంటుంది, ఫ్రిజ్‌ని ఊడదీసి తలకిందులుగా పెట్టమన్నాడు. పెట్టాం. లోపల గుడగుడమంది. ముగ్గురం ఏదో శుభవార్త విన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మర్నాడు మళ్లీ బిగించి, చల్లబడతాయేమోనని లోపల గిన్నెలో నీళ్లు పెడితే ఒక పక్కకే ఒరిగి అంచు దాటాయి. దిగి చూస్తే, బండి ఒక చక్రం గుంతలో ఉంది.

"గీ గుంత ఎవరు తవ్విండ్రన్నా?"

"నేనే. ఉద్యోగం పోయాక వాస్తు ఆయన్ని పిలిచాం. ఈశాన్యం పల్లంగా ఉండాలన్నారు. ఇప్పుడు మా బతుకుతెరువు ఈ బండే కదా అని..."

"కొన్నప్పటి సంది ఫ్రిజ్ గిట్ల ఒరిగే నడుస్తున్నదా?"

ఆయన తలూపాడు. పెద్దాయనకు మళ్లీ ఫోన్ చేస్తే, ఇలాంటి ఫ్రిజ్ ఒరిగి నిలబడితే అమోనియా సరిగ్గా తిరగదు, మంటకు గొట్టం మాడిపోతుందన్నాడు.

గుంత పూడ్చాం. మంట వెలిగించాం. శుక్రవారం పొద్దున ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి పెడితే, బయటే నయం. వెనక గొట్టం మీద పసుపు రంగు పొడి, ముక్కు మండే వాసన. గొట్టం పగిలింది. వెల్డింగ్ నిలవదు. గొట్టాల కొత్త యూనిట్ విదేశం నుంచి రావాలి. ఆయన అమ్మేవాళ్లకు ఫోన్ కలిపాడు. ధర వినగానే ఆయన ఫోన్ నాకిచ్చేసి చెట్టు కిందికి వెళ్లిపోయాడు. ఐస్ డబ్బా ఇస్తామని ఆమె బేరం వాళ్లను బతిమాలింది. వద్దన్నారు.

పానాలు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటూ, ఊరుకుంటే పోయేది, నవ్విద్దామనుకున్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి అక్కా. గుంత పూడ్చినం గద, ఇగ అదృష్టం జారిపోదు."

గిన్నెలో నీళ్లు పారబోస్తూ ఆమె అంది: "జారిపోవడానికి ఇంకేం మిగిలిందని, తమ్ముడూ?"