పడుగు మీద చెయ్యి

తెలంగాణ వచ్చి మూడేళ్లు దాటిన చలికాలం. అప్పుడు నేను నల్లగొండలో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో, అంటే వ్యసనం మాన్పించే చోట, కౌన్సిలర్‌ని. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ పిల్లలే మా దగ్గరికి ఎక్కువ వచ్చేవారు. వాళ్లకు మానడం ఒక ఎత్తు, మానిన తర్వాత ఇంటి దగ్గర బతకడం ఇంకో ఎత్తు.

నరేశ్‌ది మోత్కూర్ దగ్గరి చేనేత వాడ. ఇరవై రెండేళ్లు. మూడు వారాలు మా వార్డులో ఉన్నాడు. విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగగానే ఒళ్లు చేసే తిరుగుబాటు, అతన్ని బాగా కుదిపేసింది. ఫిట్స్ వచ్చాయి, నిద్ర కరువైంది. అవి తగ్గాయి గానీ చేతుల వణుకు పోలేదు. ఇంటికి పంపేటప్పుడు వాళ్లమ్మ సత్తెమ్మకు గట్టిగా చెప్పాను, నెల రోజులు ఏ పనీ చెప్పొద్దు, రెస్ట్ ఇవ్వండి అని. ఫైల్లో ఆ మాట కింద గీత కూడా గీశాను. చదువుకున్నానన్న గర్వం అప్పట్లో నాకు కొంచెం ఎక్కువే.

పది రోజులకు సత్తెమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, మావోడు పొద్దుగాల లేసి దర్వాజల నిలవడుతుండు. కల్లు దుకానం దిక్కే సూస్తుండు. ఇయ్యాలో రేపో పోతడు. నాకు భయమైతాంది."

మళ్లీ మొదలుపెడితే ఈసారి ప్రాణం మీదికే వస్తుందని డాక్టరు ముందే హెచ్చరించాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లి, వాళ్లింట్లోనే పడుకున్నాను.

తెల్లవారి తలుపు తీస్తే వీధి కనబడలేదు. అంతా మంచు. ఆ మంచులో ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి పడుగు, దాని పక్కన మెల్లగా కదులుతున్న మనుషులు. కాళ్లు కనబడవు, చేతులే కనబడుతున్నాయి. గంజి వాసన, కుంచెల చప్పుడు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. నేనింకా నిద్రలోనే ఉన్నానేమో అనుకున్నాను.

పడుగంటే మగ్గానికి ఎక్కే నిలువు పోగులు. ఎండ ముదరకముందే వీధిలో సాగదీసి, గంజి పట్టించి, ఆరబెడతారు. ఎవరింటి పడుగైనా వాడంతా వస్తుంది. అక్కడొక కట్టుబాటు ఉంది. పడుగు మీద చెయ్యి వేసినవాళ్లు అది ఆరి చుట్టేదాకా కదలకూడదు.

ఆ రోజు పడుగు వాడలో పెద్దవాడు మల్లయ్య తాతది. దర్వాజలో నిలబడ్డ నరేశ్‌ను చూశాడు.

"అరేయ్, గీడ ఒక చెయ్యి తక్కువున్నది. జర వచ్చి పట్టు."

"చేతులు వణుకుతున్నయి తాతా. పోగులు తెగుతయి."

"తెగితే అతుకుదువు. నీకు అతుకుడు రాదా ఏంది?"

నేను అడ్డుపడ్డాను, అతనికి రెస్ట్ కావాలని. తాత నన్ను ఎగాదిగా చూశాడు.

"పది రోజులాయె మేడమ్, వాడు గోడలు సూసుకుంట కూసోవట్టి. గిదా రెస్టు?"

నేను పక్కకు జరిగాను.

నరేశ్ వచ్చాడు. చెయ్యి వేయగానే మూడు పోగులు తెగాయి. వేలు గంజిలో తడుపుకుని ఒక్కొక్కటే అతికాడు. కాసేపటికి కల్లు దుకాణం వైపు మనుషులు పోవడం మొదలైంది. అతను తలెత్తి చూశాడు. పడుగు ఇంకా తడిగానే ఉంది. తల దించుకుని మళ్లీ పోగు పట్టుకున్నాడు. ఎండెక్కి పడుగు చుట్టేసరికి ఆ గండం గడిచింది.

ఎండాకాలంలో ఫాలో-అప్‌కు, అంటే మానినవాళ్లు ఎలా ఉన్నారో చూసిరావడానికి, మళ్లీ వెళ్లాను. వీధిలో పడుగు, దాని మీద నరేశ్ చెయ్యి. మల్లయ్య తాత నన్ను పక్కకు పిలిచాడు.

"మునుపు ఒక్క పొద్దే రెండు మూడిండ్లోళ్లం పడుగులు సాపుదుము. ఇప్పుడు పొద్దుకొక్కటే, రోజూ ఒక పడుగు ఉండేటట్టు. వానికి పొద్దుగాల ఖాళీ ఉండొద్దని వంతులు మార్చుకున్నం. వానికి చెప్పకు, సిన్నబుచ్చుకుంటడు."

వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు, ఆసరా ఈ వాడలోనే ఉండగా నేను ఫైళ్లల్లో రాసిన సలహాలు మోసుకొచ్చాను.

నరేశ్ బస్సు దాకా తోడొచ్చాడు.

"వంతుల ముచ్చట నాకు చెప్పొద్దన్నడా తాత?" అని నవ్వాడు. "మొదటి వారమే ఎరుకైంది మేడమ్. గంతమంది నా కోసం తిప్పలు పడుతుంటే, ఎరుకలేనట్టే ఉండుడు మంచిదనిపిచ్చింది."

బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఇప్పటికీ ఎవరినైనా ఇంటికి పంపేముందు, మందుల చీటీ చేతికివ్వకముందే ఒక మాట అడుగుతాను. పొద్దున్నే నీ చెయ్యి కావాలని పిలిచేవాళ్లు ఎవరున్నారు? జవాబు లేకపోతే ఆ రోజు పంపను.