కుక్కపిల్ల తరఫువాళ్ళు

మా ఆయన చేపల చెరువుల మీద కాపలా పని మానేసినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. ఆయాసం ఎక్కువైంది, ఇక గట్ల మీద తిరగొద్దని డాక్టరు చెప్పాడు. సరేనని ఇంటికొచ్చాడు గాని, ఇంట్లో కూర్చోవడం ఆయనకి చేతకాలేదు. గేటు దాకా వెళ్తాడు, వస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. అన్నం మధ్యలో కూడా లేచి వీధి వంక చూసొస్తాడు. ఆయన్ని చూసీ చూసీ నాకూ ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కాకుండా పోయింది. చెరువు దగ్గర ఎప్పుడూ ఆయన వెనకాల ఒక కుక్క ఉండేది. అది చెరువు యజమానిది, అక్కడే వదిలేసి రావాల్సి వచ్చింది. కుక్కపిల్లని తెస్తే మనిషి కుదురుకుంటాడని నాకు నేనే అనుకున్నాను.

అడ్డం మా వదిన. మా ఆయనకి అక్క. భర్త పోయాక మాతోనే ఉంటోంది. కుక్క అడుగుపెడితే తను ఇల్లు వదిలి వెళ్ళిపోతానంది. ఎక్కడికో మాత్రం చెప్పలేదు.

ముందు నేనూ మా ఆయనా గుడివాడ వెళ్ళాం. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మా చర్చి వరండాలో పెట్టిన సాయంత్రం బడిలో. అందుకని ఇప్పటికీ బోర్డు కనబడితే చదవకుండా కదల్లేను. ఒక సందు మొదట్లో అన్ని జాతుల కుక్కపిల్లలు లభించును అని ఉంటే చదివి లోపలికి వెళ్ళాం. టమాటాల ట్రేలలో పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తల్లి ఏదని అడిగాను. ఊళ్ళో లేదన్నాడు ఆ అబ్బాయి. ఊళ్ళో లేకపోవడానికి అదేమన్నా ఉద్యోగానికి వెళ్ళిందా అన్నాను. పెయ్యదూడని కొన్నా తల్లిని చూడకుండా కొనం మేము. మా ఆయన అప్పటికే ఒకదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దాని కళ్ళు పుసులు కట్టి ఉన్నాయి, పొట్ట ఉబ్బి ఉంది. కింద పెట్టేయండి అన్నాను. పెట్టాడు. బస్సులో పామర్రు దాటేదాకా కిటికీలోంచి వెనక్కే చూశాడు.

తర్వాత అవనిగడ్డలో పశువుల డాక్టరు ఒక దారి చూపించాడు. బందరులో రిటైరైన టీచరుగారొకరున్నారు, ఒక్క లాబ్రడార్ తల్లినే పెంచుతారు, దాని పిల్లల్ని అందరికీ ఇవ్వరు అని. వెళ్ళాం. తల్లి వరండాలోనే పడుకుని ఉంది, పిల్లలు దాని మీద ఎక్కి దిగుతున్నాయి. అది నా చెయ్యి వాసన చూసి మళ్ళీ తల వాల్చింది. నాకు అక్కడే నచ్చింది.

వీటిలో బాగా అరిచేది ఏదని మా ఆయన అడిగాడు. టీచరుగారు దానికి జవాబు చెప్పకుండా తనే అడగడం మొదలుపెట్టారు. రోజూ ఎవరు తిప్పుతారు, ఎండాకాలం ఎక్కడ పడుకుంటుంది, పెద్దదై తాడు లాగితే ఈ ఆయాసంతో ఈయన ఆపగలరా. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగితే, మేమిద్దరమే అన్నాను. సరే, శనివారం మీ ఇల్లు చూడ్డానికి వస్తానన్నారు.

డబ్బిచ్చి కొనుక్కునేది మనమైతే మనల్ని చూడ్డానికి ఆవిడ రావడమేంటని మా ఆయన దారంతా గొణిగాడు. నాకు మాత్రం ఆ పద్ధతి కొత్త కాదు. పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూసుకుంటారు. వాళ్ళొచ్చే రోజు ఏం చెయ్యాలో మా వైపు ఎవరికీ నేర్పక్కర్లేదు. పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చాను. మంచి కప్పులు దించాను. నోరున్న ఆడపడుచుని పొరుగూరు పంపించాను. పామిడిముక్కలలో తన తోటికోడలికి ఒంట్లో బాగాలేదని, చూసి రమ్మని వదినని బస్సెక్కించాను. అందులో అబద్ధం లేదు. ఆవిడకి ఎప్పుడూ బాగుండదు.

టీచరుగారు వచ్చి గేటు కింద సందు చూశారు, ఇంటి వెనక కాలవ చూశారు, టీ తాగుతున్నారు. మా ఆయన కూర్చోలేక, నిలబడలేక గుమ్మం పట్టుకుని ఉన్నాడు. అప్పుడు గేటు చప్పుడైంది. వదిన. తోటికోడలు ఇంటికి తాళం వేసి విజయవాడ ఆసుపత్రికి వెళ్ళిందట. వదిన కుర్చీల్ని చూసింది, బిస్కట్ల ప్లేటు చూసింది, టీచరుగారిని చూసింది.

"సంబంధం ఎవరికి?" అంది.

"కుక్కపిల్లకి" అన్నాడు మా ఆయన.

వదిన ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. బొచ్చు గురించో, ప్రార్థన గదిలో వాసన గురించో మొదలుపెడుతుందనుకున్నాను. అవేమీ ఎత్తలేదు.

"వీడికి ఆయాసం అమ్మా" అంది టీచరుగారితో. "రేపు వీడు మంచాన పడితే దాన్ని తిప్పేదెవరు? నా మరదలికి మోకాళ్ళ నొప్పులు. నేనే తిప్పాలి. వీడు పోయాక అది గేటు దగ్గర పడుకుని వీడికోసం చూస్తుంటే, బతిమాలి అన్నం పెట్టాల్సిందీ నేనే. నావల్ల కాదు."

ఆయన ఎదుటే అంది. ఆయన మెట్లు దిగి గేటు దాకా వెళ్ళాడు. ఈసారి వెంటనే వెనక్కి రాలేదు.

సంబంధం తప్పిపోయిందనుకున్నాను. టీచరుగారు కప్పు కింద పెట్టి, "నేను తెలుసుకోడానికి వచ్చింది ఇదేనండి" అన్నారు. "వీళ్ళిద్దరూ ఎంతడిగినా ఈ మాట చెప్పలేదు. మీరు మా ఇంటికి వచ్చి పిల్లల్ని చూడండి. మీరు ఊఁ అంటేనే ఇస్తాను."

"నేనెందుకు ఊఁ అంటాను?"

"అనకపోతే ఇవ్వను. వచ్చి చూడండి."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. మా ఆయన తిరుగుడు ఇంకా ఎక్కువైంది. వదిన మెట్ల మీద కూర్చుని ఆయన్నే చూసేది. ఒకరోజు పొద్దున్నే గంజి పెట్టిన చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, బందరు బస్సు ఎప్పుడని అడిగింది. నేను కారణం అడగలేదు. అడిగితే మానేస్తుంది.

టీచరుగారి వరండాలో ఒక పిల్ల మా ఆయన చెప్పు నోట కరుచుకుని పరిగెత్తింది. అదే కావాలన్నాడు ఆయన. దానితో మీరు పరిగెత్తలేరు, అది పరిగెత్తే పిల్లలున్న ఇంటికి వెళ్తుందని టీచరుగారు తేల్చేశారు. ఆయన ముఖం మాడిపోయింది. వదిన కుచ్చెళ్ళు దగ్గరకి లాక్కుని కుర్చీ అంచున కూర్చుంది. రెండు పిల్లలు వచ్చి చీర లాగితే గొడుగుతో అదిలించింది. అవి గొడుగు మీద పడ్డాయి.

అంతలో మా ఆయనకి దగ్గు తెర వచ్చింది. ఆ చప్పుడుకి పిల్లలన్నీ తల్లి దగ్గరికి పరిగెత్తాయి. వాటిలో ఒక ఆడపిల్ల మాత్రం ఉన్నచోటే ఆగి, ఆయన వంక చూసి, దగ్గు తగ్గాక మెల్లగా వచ్చి ఆయన పాదం పక్కన చతికిలబడింది.

"పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది వదిన.

చాలావరకు తల్లి పోలికేనన్నారు టీచరుగారు. వరండాలో పడుకున్న తల్లికుక్క వంక వదిన చాలాసేపు చూసింది.

"ఇదైతే నేను తిప్పగలను" అంది. తమ్ముడి వంక మాత్రం చూడలేదు.

రెండు నెలలు నిండి సూది మందు వేయించేదాకా పిల్లని ఇవ్వరట. ఖాళీ చేతులతో బస్సెక్కాం. ఈలోపల ఇంకెవరికైనా ఇచ్చేస్తేనో అన్నాడు మా ఆయన. ఇవ్వదంది వదిన. చల్లపల్లి రాకముందే మళ్ళీ అడిగాడు. అడిగి, సీట్లోంచి లేచి, పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు గుంతలో పడితే ఊగిపోయాడు.

"కూర్చోరా" అంది వదిన. "దాన్ని తిప్పే నా వంతు అప్పుడే తీసుకురాకు."

కూర్చున్నాడు. మోపిదేవి దాటేదాకా కూర్చునే ఉన్నాడు.