నేను రాసిచ్చిన నాలుగు మాటలు

మా బడికి కంప్యూటర్లు వచ్చిన రోజున వాటికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. అదయ్యాక పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు ఎక్కడ కీబోర్డు మీద పడతాయోనని నేను మధ్యలో చెయ్యి అడ్డం పెట్టుకుని నుంచున్నాను. కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది మా హైస్కూలు. నేను లెక్కల టీచర్ని. రోజూ అమలాపురం నుంచి స్కూటీ మీద వచ్చి పోతుంటాను. కంప్యూటర్లకంటూ వేరే టీచరు లేరు. ఫోన్లో నేను గబగబా పనులు చేసుకోవడం చూసి హెడ్మాస్టారు ఆ గది తాళం నా చేతిలో పెట్టారు.

తాళంతో పాటు నిబంధనలు రాసే పని కూడా నాకే తగిలింది. పిల్లలు ఆ గదిలో ఎలా మసలుకోవాలో, ఇంటర్నెట్ ఎలా వాడాలో ఒక చార్టు మీద రాసి గోడకి తగిలించమన్నారు. ఎక్కడి నుంచో దింపిన కాగితం ఒకటి ఇచ్చారు గానీ అందులోని తెలుగు చదివితే నాకు ఒళ్ళు మండింది. ‘వినియోగదారుడు బాధ్యతాయుతమైన ప్రవర్తనను కలిగి ఉండవలెను’ అంటే తొమ్మిదో తరగతి పిల్లకి ఏం అర్థమవుతుంది? నాకొక జబ్బుంది. ఎవరైనా వాక్యం పాడుచేస్తే ఊరుకోలేను. నా వాక్యం బాగా కుదిరితే రెండు రోజులు దాన్నే తలచుకుని మురిసిపోతాను. ఆ జబ్బుతోనే, ఒక తల్లి తన కూతురి ముందు నిలబెట్టుకున్న పరువుని ఊరందరి ఫోన్లలోకి పంపించాను. ఇది జరిగి ఇంకా ఏడాది కాలేదు.

నిబంధనలు మటుకు శుభ్రంగా కుదిరాయి. చెప్పులు బయట విడవాలి, తడి చేతులతో ముట్టుకోకూడదు, అడగకుండా ఏదీ డౌన్‌లోడ్ చెయ్యకూడదు. ‘మీ పాస్‌వర్డు మీ పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెప్పకూడదు’ అని రాసినప్పుడు మాత్రం పిల్లలు నా వైపు వింతగా చూశారు. పక్కింటికి గిన్నెడు పంపకుండా పులస వండుకోని ఊళ్ళు మావి. పక్కవాళ్ళకి తెలియకుండా ఒక మాట దాచుకోవడం అంటే వాళ్ళకి మర్యాద తక్కువగా తోచింది. మొదటి వారం గది ఆ చివర నుంచి ఈ చివరకి పాస్‌వర్డులు కేకలేసి చెప్పుకున్నారు. తిట్టాను, నవ్వాను, మళ్ళీ తిట్టాను.

ఫోటోల నిబంధన దగ్గర మాత్రం నవ్వలేదు. సోషల్ మాస్టారు మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తుంటే ఇద్దరు ఆడపిల్లలు ఇంట్లోంచి తెచ్చిన ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. వాళ్ళిద్దర్నీ అసెంబ్లీలో నుంచోబెట్టి క్షమాపణ చెప్పించాను. ఎవరి ఫోటో గానీ, వీడియో గానీ, ఇంటి సంగతి గానీ వాళ్ళని అడక్కుండా ఎక్కడా పెట్టకూడదని ఒక పీరియడంతా క్లాసు పీకాను. ఆ పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్తుంటే నాకు తృప్తిగా అనిపించింది.

అప్పటికి కంప్యూటర్లు ఉన్నాయి గానీ ఇంటర్నెట్ లేదు. కరెంటు పోతే అన్నీ చచ్చి ఊరుకునేవి. కంప్యూటర్లు ఇప్పించింది మా బడిలోనే చదివి, రొయ్యల చెరువులు తవ్వుకుని బాగుపడిన ఒక ఆసామి. ఆయన్నే ఇంటర్నెట్టూ ఇన్వర్టరూ అడిగాం. మా బ్యాచీ వాళ్ళందరం కలిసి తలా కొంత వేసుకుంటాం, పిల్లల చేత ఒక వీడియో చేసి పంపండి, చూస్తే మనసు కదలాలి అన్నారాయన. హెడ్మాస్టారు నా వైపు చూశారు. మనసు కదిలించే పని నాకు అప్పగిస్తే నేను కాదంటానా.

ఎవరి చేత మాట్లాడించాలో ఆలోచించక్కర్లేకపోయింది. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. అందరికన్నా ముందు తెలుగు టైపు చేయడం నేర్చుకున్నది తనే. మాట స్పష్టంగా ఉంటుంది, బెదురు లేదు. తల్లి మస్కట్‌లో ఉంటుంది, తండ్రి లేడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మా వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్ళిన ఆడవాళ్ళు ఇంటికొకరుంటారు కాబట్టి అదేమీ వింత కాదు. ఆరో తరగతిలో చేర్పించడానికి వచ్చినప్పుడు వాళ్ళ అమ్మమ్మ ఆ పిల్లని మంచినీళ్ళ కుళాయి దగ్గరికి పంపించి, గొంతు తగ్గించి నాతో చెప్పింది. “దాని తల్లి అక్కడ ఇళ్ళల్లో పనండి. అంట్లూ, బాత్రూములూ, అన్నీనండి.” పిల్లని ఎందుకు పంపించేసి చెప్పిందో నేను ఆలోచించలేదు. పెద్దవాళ్ళు కష్టం చెప్పుకునేటప్పుడు పిల్లల్ని అలా పంపించడం మామూలే అనుకున్నాను.

నా నిబంధన నేను తప్పలేదు. అడిగాను. అమ్మమ్మ రొయ్యలు వలిచే షెడ్డు నుంచి ఇంటికి వెళ్తుంటే బడి గేటు దగ్గర స్కూటీ ఆపి అడిగాను.

“మామ్మగారూ, మీ మనవరాలి చేత వీడియోలో మాట్లాడిద్దామనుకుంటున్నామండి. వాళ్ళమ్మ కష్టం గురించి నాలుగు మాటలు. పర్లేదాండీ?”

ఆవిడ ఒక్క క్షణం నా మొహం వైపు చూసింది. “ఆయ్. మీకు తెలీందేముందండి మేడంగారు. మీరెలాగంటే అలాగేనండి” అంది.

మా వైపు టీచరు అడిగితే మొహం మీద కాదనరు. పేరెంట్స్ మీటింగుకి రమ్మంటే ‘తప్పకుండానండి’ అంటారు, ఆ రోజు ఒక్కరూ రారు. స్టాఫ్ రూములో నెలనెలా దీని మీద జోకులు వేసుకునేవాళ్ళం, అందులో నావే ఎక్కువ. వాళ్ళు కాదనలేరని అంత బాగా తెలిసినదాన్ని, ఆవిడ అన్న మాట పట్టుకుని అనుమతి దొరికిందని స్కూటీ స్టార్టు చేశాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ సాయంత్రం కూర్చుని రాశాను. ముందు తన పేరూ, తరగతీ, బడీ చెప్పే మూడు వాక్యాలు, ఆ తరవాత అసలువి. ‘మా అమ్మ మస్కట్‌లో పరాయి ఇళ్ళలో అంట్లు తోముతూ నన్ను చదివిస్తోంది. అరిగిపోయిన ఆ చేతులకి సెలవివ్వడానికే నేను ఈ కంప్యూటర్ నేర్చుకుంటున్నాను.’ రాసుకుని రెండు సార్లు పైకి చదువుకున్నాను. నా గొంతే బొంగురుపోయింది. ఆ చేతులు నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు కంప్యూటర్ గదిలో ఆ పిల్లకి కాగితం ఇచ్చాను. తను మనసులో చదువుకుంది. చదవడం అయిపోయాక కూడా కాగితం మీంచి తల ఎత్తలేదు.

“ఇది నేనే చదవాలాండీ మేడం?”

“నీ గురించే కదమ్మా, నువ్వు కాక ఎవరు చదువుతారు?”

“ఆయ్” అంది.

మొదటి మూడు వాక్యాలు గడగడా చెప్పింది. ‘మా అమ్మ మస్కట్‌లో’ అని ఆగింది. వరస మర్చిపోయిందనుకుని, ఫోను ఒక చేత్తో పట్టుకునే రెండో చేత్తో కాగితం మీద ఆ వాక్యం చూపించాను. చదివింది. గొంతులో ఏ మార్పూ లేదు. చివర్లో నమస్కారం పెట్టమంటే పెట్టింది. ఆ ఆగిన చోటు బాగాలేదని ఫోన్లో కత్తిరించేశాను. అతుకు కనపడకుండా చేశానని హెడ్మాస్టారు మెచ్చుకున్నారు.

ఆసామికి కన్నీళ్ళొచ్చాయట. ఇంటర్నెట్ వచ్చింది, ఇన్వర్టరు వచ్చింది. ఆ సంతోషంలో వీడియోని పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో కూడా పెట్టమన్నారు హెడ్మాస్టారు. పెట్టింది నేనే. కింద వరసగా దండాలు, ‘మాటలు చాలా బాగున్నాయి’ అని మెచ్చుకోళ్ళు. మధ్యాహ్నం అన్నం తింటూ వాటిని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

ఆ వారంలోనే నా చెవిన ఒక మాట పడింది. ఆ పిల్ల క్లాసులో, ‘మా అమ్మ ఆసుపత్రిలోనే పనిచేస్తుంది, మేడమే అబద్ధం రాసిచ్చేరు’ అని చెబుతోందట. నాకు కోపం వచ్చింది. నేను అబద్ధం రాయడమేమిటి? తల్లి పనిని చూసి సిగ్గుపడుతోందనుకున్నాను. పిలిచి, అందరూ తలొంచుకుని లెక్కలు చేసుకుంటుండగా నిలదీశాను. కష్టపడి పనిచేసే తల్లిని చెప్పుకోడానికి నామోషీ ఎందుకని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. శ్రమకి గౌరవం గురించి నా దగ్గర మంచి వాక్యాలు చాలా ఉన్నాయి.

“తప్పయిపోయింది మేడం” అని వెళ్ళి కూర్చుంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ పిల్ల తల్లి. అంతకు ముందు ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడలేదు. భోజనం చేశారా అని అడిగింది. మా పిల్లని బాగా చూసుకుంటున్నారు అంది. దణ్ణం పెడుతున్నానంది. ఇంత మర్యాద ఎందుకో అర్థంకాక నేను వరండాలో నుంచుని ఆయ్, ఆయ్ అంటూ ఉన్నాను. అప్పుడు ఆవిడ అసలు సంగతికి వచ్చింది.

“మీరేవనుకోకపోతే ఒక్క మాటండి మేడంగారు. ఆ వీడియో ఇక్కడ మావాళ్ళ ఫోన్లలోకీ వచ్చిందండి. దానికి నేను ఆసుపత్రిలో పననే చెప్పేనండి. వచ్చినకాడ్నుంచీ అదే చెప్తన్నాను. బట్టలుతికే గదిలో గోడకి తెల్లటి టైల్సుంటాయండి, అక్కడ నుంచునే వీడియో కాల్ చేస్తాను. ఆసుపత్రి గోడనుకుంటాదని. అబద్ధవేననుకోండి. దాని ముందు చిన్నబోవడం నాకు ఇష్టం లేదండి.”

ఆ పిల్ల సిగ్గుపడి దాచలేదు. ఆ పిల్లకి తెలియదు. తన తల్లి ఏం పని చేస్తుందో నేను రాసిచ్చిన కాగితంలో, నా ఫోను ఎదురుగా నుంచుని, మొదటిసారి చదువుకుంది. చదివిన వెంటనే పైకి చెప్పమన్నాను. ఆగితే వేలు పెట్టి చూపించాను. ఆ తరవాత అందరి ముందూ నిలదీశాను కూడా.

“నాకు తెలీదండి. క్షమించండి” అన్నాను. ఎంత పేలవంగా ఉందో ఆ మాట.

“అయ్యో, మీరు అలా అనకూడదండి. పిల్ల ఏవీ నమ్మలేదులెండి. నేను అడక్కుండానే అదే చెప్పింది. ‘డబ్బులిచ్చేవాళ్ళ కోసం మేడం అలా రాసేరమ్మా, నువ్వు ఆసుపత్రిలో కదా’ అంది. అదొక్కటీ మీరు కూడా ఒకసారి దానికి చెప్పేరంటే... మీ చేత అబద్ధం ఆడిస్తన్నాను, ఏవనుకోకండి. టీచరుగారు చెప్తే గట్టిగా నమ్ముతాదండి.”

అలాగేనండి, చెప్తాను అన్నాను. ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది.

గ్రూపులోంచి వీడియో తీసేశాను. తీసేసి ఏం లాభం. అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోనో, ఎవరెవరి స్టేటస్‌లలోనో ఉంది. షెడ్డులో రొయ్యలు వలిచేవాళ్ళు కూడా చూశారట. అమ్మమ్మగారు గేటు దగ్గర కనిపిస్తే ఎప్పటిలాగే నమస్కారం పెట్టింది. నేను తిరిగి పెట్టాను గానీ కళ్ళెత్తి చూడలేకపోయాను.

ఆ పిల్లతో మాట్లాడడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. ఏం చెప్పాలో ఇంట్లో అనుకున్నాను. ఈసారి ఒక్క వాక్యం కూడా కుదరలేదు. చివరికి ఇంటర్వెల్లులో కంప్యూటర్ గదిలోకి పిలిచాను. చెప్పులు బయట విడిచి వచ్చి నుంచుంది. తలుపు వేశాను.

“వీడియోలో నేను రాసిచ్చింది నిజం కాదమ్మా” అన్నాను. “డబ్బులిచ్చేవాళ్ళ కోసం కల్పించి రాశాను. మీ అమ్మగారు ఆసుపత్రిలోనే పనిచేస్తున్నారు. నిన్ను క్లాసులో అలా అడగడం కూడా నాదే తప్పు.”

తను నా మొహంలోకి చూసింది. అంతసేపు ఒక విద్యార్థి నా మొహంలోకి చూడడం నాకు గుర్తు లేదు. నేనే కళ్ళు దించుకున్నాను.

“అమ్మ మీకు ఫోన్ చేసిందాండీ మేడం?” అంది.

అవునని తలూపాను.

“ఈసారి చేస్తే నేను నమ్మేసేనని చెప్పండి.”